నత్తల తోటలో నేత్రోన్మీలనం

భాద్రపద అమావాస్య... అసుర సంధ్య!

తూర్పు సముద్రం అవతలి ఈ దీవుల్లో ఆ ఘడియ తొందరగా దిగుతుంది. ఆంధ్రదేశంలో బడిపిల్లలు ఇంకా ఇళ్లకు చేరని వేళకే ఇక్కడ సూర్యబింబం సముద్రంలో మునిగిపోతుంది. ఆ రోజు ఆ మునగడం కూడా కనిపించలేదు. నైరుతి నుంచి కమ్ముకొచ్చిన కారుమేఘాలు మధ్యాహ్నానికే వండూర్ తీరాన్ని కప్పేశాయి. దిక్కులు పిక్కటిల్లేలా ఒక ఉరుము... దాని వెనకే మరొకటి. సునామీ ఏడాది ఉప్పునీళ్లు నిలిచి చచ్చిపోయిన చెట్లు ఆ తీరం వెంబడి ఇప్పటికీ మొండాలై నిలబడి ఉన్నాయి. అందులో ఒక మొండెం మీద కూర్చుని, చీకటి పడకముందే, ఒక గుడ్లగూబ కర్ణకఠోరంగా కూసింది. దాని చూపు గుట్ట మీది ఇంటి వైపే ఉంది.

అది చిత్రకారుడు దేవేంద్ర ఉద్యాన గృహం.

దేవేంద్ర అంటే చిత్రకళా లోకంలో మకుటం లేని మహారాజు. ఆయన గీసిన స్త్రీ చిత్రం ఒక్కటి గోడకు తగిలించుకోవడానికి ఢిల్లీ నుంచీ ముంబై నుంచీ కోటీశ్వరులు విమానాలెక్కి వస్తారు. "ఆ చిత్రాల్లో కళ్లు నిజంగా తడిగా ఉంటాయి" అని ఒక విమర్శకుడు పరవశించి రాశాడు. పాపం, అబద్ధం రాయలేదు. తడిగానే ఉంటాయి. ఆ తడి ఎక్కడ నుంచి వచ్చిందో తెలిసి ఉంటే మాత్రం ఆ మహానుభావుడు ఆ పూట తిన్నదంతా అక్కడే కక్కుకునేవాడు. అయినా చెప్పక తప్పదు.

ఆదివారాల్లో ఆ తోట చూడ్డానికి జనాన్ని రానిస్తారు. ఆ ఆదివారం చివరగా వచ్చింది బతు బస్తీ అనే పేట నుంచి ఒక ఆటో. నడిపినవాడు కన్నబాబు. వెనక సీట్లో అతని తల్లి గురువమ్మ, బజార్లో చేపలమ్మే మనిషి, కొంగు నడుముకు బిగించి కూర్చుంది. వాళ్లు బొమ్మలు చూడ్డానికి రాలేదు. కన్నబాబు చెల్లెలు మంజు ఆ ఇంట్లో ఉంది. ఆ పిల్లను ఇంటికి తీసుకుపోవడానికి వచ్చారు.

మంజు ఆ ఇంటికి ఎలా చేరిందో ముందు చెప్పాలి.

గురువమ్మ పెద్దలు శ్రీకాకుళం తీరం నుంచి వలలతో పాటు తమ దేవతలనూ మోసుకుని ఓడెక్కిన జాలరులు. వాళ్లలో ఒక ఆచారం ఉంది. పసుపు కుంకుమలతో, కడుపులో బిడ్డతో పోయిన ఇల్లాలిని వాళ్లు దయ్యమని అనుకోరు. ఇంట్లో ఒక మూల గోడకు పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, చీరా గాజులూ సమర్పించి పేరంటాలుగా నిలుపుకుంటారు. ఆ గోడకు ముక్కూ కళ్లూ గీయరు. ఆ పసుపే ఆమె, ఆ బొట్లే ఆమె. కన్నబాబు భార్య పుష్పావతి నిండు చూలాలుగా, ఆసుపత్రికి తీసుకుపోతుంటే దారిలోనే కన్నుమూసింది. అప్పటి నుంచి ఆమె ఆ ఇంటి పేరంటాలు. ఏటా వైశాఖంలో పండగ చేస్తారు. ఆ రోజు పుష్పావతి తన ఆడపడుచు మంజు ఒంటి మీదకే వచ్చి, అత్తను పలకరించి, ఇంటి మంచిచెడ్డలు అడిగి వెళ్లిపోతుంది.

ఈ వైశాఖం పండగకు దేవేంద్ర వచ్చాడు! చాప మీద కూర్చుని, పూనకంతో ఊగుతున్న మంజును రెప్ప వేయకుండా చూశాడు. ఎంత సులువుగా ఈ పిల్ల తన ఒంట్లోంచి పక్కకు తప్పుకుని ఇంకొకరికి చోటిస్తోంది... తాళం లేని ఇల్లు! అలాంటి దేహం కోసమే అతను ఏళ్ల తరబడి వెతుకుతున్నాడు. ఒంటి మీదకు వచ్చేది ఎవరని పక్కవాళ్లను అడిగాడు. మా పేరంటాలు సార్ అని చెప్పారు. బెస్తవాళ్ల గోల అనుకుని ఆ మాటను అక్కడే దులిపేసుకున్నాడు.

తోట చూపించే ఉద్యోగం అన్నాడు. అప్పుడప్పుడు బొమ్మకు కూర్చుంటే చాలన్నాడు. పేరున్న మనిషి, పైగా తెలుగువాడు. గురువమ్మ నమ్మింది. మొదట్లో మంజు రోజూ ఫోన్ చేసేది. తర్వాత తల్లి చేస్తేనే ఎత్తేది. ఆ తర్వాత ఎత్తినా మాట్లాడేది కాదు. అటువైపు నుంచి బరువైన ఊపిరీ, ఏదో తడిగా పాకుతున్న చప్పుడూ మాత్రం వినిపించేవి.

గేటు దాటగానే కంపు గుప్పుమంది.

"ఓరె కన్నబాబూ, ఇదేటి కంపురా" అని గురువమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. "మురిగిపోయిన సొర సేప కూడా ఇలాగ కొట్టదు."

"కంద పూలంట అమ్మా. బోర్డు మీద రాసుంది."

"కంద వండుకుంటాం గానీ పువ్వునెవడు పెంచుతాడు. దిమాక్ ఖరాబా ఈడికి."

కంద పువ్వు శవం కంపు కొట్టి ఈగలను పిలుచుకునే పువ్వు. తొలకరికి ఒకసారి పూసి ఊరుకోవాలి. ఇక్కడ భాద్రపదంలో, బాట పొడవునా, నేలను చీల్చుకుని, నల్లెరుపు ముడతలతో, జిగురు కారుస్తూ విరగబూసి ఉంది. ఆ పూల మీద, వాటి మొదళ్ల దగ్గర, బాట రాళ్ల మీద, పోక చెట్ల కాండాల మీద... నత్తలు! పిడికిలంతేసి నత్తలు. వానాకాలం దీవుల్లో నత్తలు ఎవరికీ వింత కాదు. కూరపాదులు తినేస్తుంటే తిట్టుకుంటూ ఏరి పారేస్తారు. ఇవి మాత్రం ఆకును ముట్టడం లేదు. తోటలో అక్కడక్కడా తవ్విన తొట్లలో చేపల పేగులూ కోళ్ల తలలూ కుళ్లుతుంటే, ఒకదాని మీద ఒకటి ఎక్కి, మెత్తగా, ఓపిగ్గా చప్పరిస్తున్నాయి. ఉరుముకూ ఉరుముకూ మధ్య ఆ చప్పరింపు స్పష్టంగా వినిపించింది.

ముందు నడుస్తున్న హైదరాబాద్ దంపతులు ఒక చేత్తో ముక్కు మూసుకుని, ఇంకో చేత్తో వీడియో తీసుకుంటున్నారు.

"ఎంత సహజంగా ఉంచారో కదండీ" అంది ఆవిడ.

"కళాకారులు అంతే" అన్నాడాయన, చెప్పుకు అంటిన జిగురును గడ్డికి రాస్తూ.

థూ! పెద్దవాడెవడో కుళ్లును తోట అన్నాడంటే చాలు, ముక్కున్నవాడు కూడా తలూపుతాడు.

వరండాలో సరోజిని అనే స్త్రీ వాళ్లకు ఎదురొచ్చింది. ఆ ఇల్లు చూసుకునేది ఆమే. తెల్లచీర, చక్కని ముఖం, నెమ్మదైన నడక. చెప్పులు విడిచి లోపలికి రమ్మంది. మాట్లాడుతుండగా ఒక ఈగ వచ్చి ఆమె కనుపాప మీద వాలింది. అటూ ఇటూ నడిచింది. కాళ్లు రుద్దుకుంది. తీరిగ్గా ఎగిరిపోయింది. సరోజిని రెప్ప వేయలేదు.

గురువమ్మ కొడుకు చెయ్యి పట్టుకుంది.

లోపల పొడవాటి హాలు. గోడలకు వరుసగా స్త్రీల చిత్రాలు. అగరుబత్తులు గుత్తులుగా వెలిగించినా బయటి కంపు లోపలికి కూడా వచ్చింది. ఆ చిత్రాల్లో ముఖాలు మామూలుగానే ఉన్నాయి. కళ్లు మామూలుగా లేవు! అవి బెదురుతున్నాయి... వేడుకుంటున్నాయి... వచ్చిన ప్రతి మనిషి వెంటా ఆబగా తిరుగుతున్నాయి. దంపతులు ఆహా అంటూ ఫోటోలు తీసుకున్నారు. గురువమ్మ ఒక పటం ముందు ఆగిపోయింది. అది సరోజిని బొమ్మ. ఆ కంట్లోంచి ఒక బొట్టు మెల్లగా చెంప మీదకు జారింది. గురువమ్మ వేలితో తాకింది. వేలు తీస్తుంటే తీగలా సాగింది. అది నత్త జిగురు.

"ముట్టుకోకూడదు" అంది వెనక నుంచి సరోజిని, కోపం లేకుండా.

గురువమ్మ బొమ్మను చూసింది, మనిషిని చూసింది. "కళ్లు గోడకున్నాయి. మడిసిలో ఏటీ లేదు" అంది కొడుకుతో, గొంతు తగ్గించి. తర్వాత సరోజిని వైపు తిరిగి, "మా మంజు ఎక్కడమ్మా?" అని అడిగింది.

"మంజు బొమ్మ అయిపోవచ్చింది. కళ్లు మిగిలాయి. ఈ సంధ్యకు పెడతారు."

"పెడితే?"

"పెడితే నాలాగే ఉంటుంది. ఏ బాధా ఉండదు."

అప్పుడే గంట మోగింది. చూసేవాళ్లు వెళ్లిపోవాల్సిన వేళ. వాన పడేలా ఉందని దంపతులు గబగబా కారెక్కారు. సరోజిని ఒక్కొక్క దీపమే ఆర్పుకుంటూ హాలు చివరకు నడిచింది. ఆఖరి దీపం ఆరేలోపల తల్లీకొడుకులు పెరటి తలుపు దాటేశారు.

"అమ్మా, ఆ ఎనకాల షెడ్డులో దీపం రోష్నీ ఉంది. చలో" అన్నాడు కన్నబాబు.

చెప్పులు వరండాలోనే ఉండిపోయాయి. చీకటి ముసిరిన తోటలో నేల కనిపించడం లేదు. అడుగు వేస్తే పటుక్కుమంటోంది. పెంకు పగిలి, చల్లగా, చీములా ఏదో కాలివేళ్ల సందుల్లోంచి పైకి తన్నుకొస్తోంది. గురువమ్మ పుట్టినప్పటి నుంచి చేపల పేగుల్లో చేతులు పెట్టి బతికింది. ఆ మనిషికి కూడా వాంతి గొంతు దాకా వచ్చింది. మింగుకుని నడిచింది.

షెడ్డు తలుపు తెరిచే ఉంది.

ఏమని వర్ణించను ఆ జుగుప్సాకరమైన దృశ్యాన్ని...! నేల మీద ఎర్రటి ముగ్గు. ముగ్గు మధ్య ఒక కపాలం, బోర్లించి కాదు, గిన్నెలా వెల్లకిల పెట్టి ఉంది. దాని పక్కన వాలుకుర్చీలో మంజు. పిల్ల ఎముకల గూడైపోయింది. పెదవుల చుట్టూ ఎండిన జిగురు అట్టలు కట్టింది. రెండు కనురెప్పల మీదా రెండు పెద్ద నత్తలు కరుచుకుని ఉన్నాయి! రెప్పల అంచున ఊరే కన్నీటిని ఊరింది ఊరినట్టే తాగుతున్నాయి. కడుపు నిండిన కొద్దీ వాటి ఒళ్లు పొంగి, నురగ కారి, ఆ పిల్ల చెంపల మీదుగా మెడలోకి దిగుతోంది.

దేవేంద్ర ఆమె పక్కన పీట మీద కూర్చున్నాడు. డెబ్బై దాటినవాడు, ముప్పై ఏళ్లవాడిలా నున్నగా ఉన్నాడు. ఆ నునుపులో ఆరోగ్యం లేదు, జిగట ఉంది. కుడిరెప్ప మీది నత్తను పట్టి లాగితే చప్పుమని ఊడి వచ్చింది, రెప్ప తెరుచుకుంది. దాన్ని కపాలంలోకి పిండాడు. దీపపు మసి కలిపి వేలితో తిప్పాడు. కుంచె ముంచి, మొన సన్నబడడానికి నోట్లో పెట్టుకుని చప్పరించాడు... ఛీ! నాలుక వెయ్యి రంగులు పట్టి బూజులా ఉంది. ఎదురుగా చట్రానికి బిగించిన బట్ట మీద మంజు బొమ్మ పూర్తయింది. కళ్లున్న చోట మాత్రం రెండు తెల్లటి గుంటలున్నాయి.

"రండమ్మా" అన్నాడతను తల తిప్పకుండానే. "కన్నతల్లివి, చివరిసారి చూసుకో. రేపటి నుంచి నీ కూతురు గోడ మీద ఉంటుంది."

కన్నబాబు మీదకు ఉరికాడు. దేవేంద్ర చిటికెడు బూడిద తీసి ఊదాడు. అంతే! తల్లీకొడుకులిద్దరి కాళ్లూ నేలకు అతుక్కుపోయాయి. చేతులు కట్టెలయ్యాయి. మెడ పైన మాత్రమే ప్రాణం ఆడుతోంది.

"చోడ్ దో దాన్ని" అన్నాడు కన్నబాబు పళ్లు బిగించి. "నన్ను కూర్చోబెట్టు. నా కళ్లు తీసుకో."

"నీ ఒంట్లో నువ్వు నిండా ఉన్నావు నాయనా. నిన్ను ఖాళీ చేయడానికి ఏళ్లు పడుతుంది. మీ చెల్లెలు తలుపు తీసిన ఇల్లు."

దేవేంద్ర తాతలు దేవతా విగ్రహాలు చెక్కిన శిల్పులు. విగ్రహానికి కన్ను చివర చెక్కుతారు. దాన్నే నేత్రోన్మీలనం అంటారు. కన్ను తెరుచుకున్నప్పుడు విగ్రహంలోకి ప్రాణం దిగుతుంది. ఆ మొదటి చూపును తట్టుకోవడం మనిషి వల్ల కాదు. అందుకే శిల్పి విగ్రహానికి ఎదురుగా నిలబడడు. అద్దంలో చూసుకుంటూ, పక్క నుంచి ఉలి పెడతాడు. ఆ పవిత్ర విద్యను ఈ నీచుడు తలకిందులు చేశాడు. బొమ్మలో కన్ను తెరిచి, మనిషిలో కన్ను ఆర్పాడు! అలా దోచిన చూపులే అతని ఆయుష్షు. తాను తెరిచేది ఆడవాళ్ల కళ్లే కదా, దేవతలవి కావు కదా అని అద్దం ఎన్నడూ వాడలేదు. బొమ్మకు ఎదురుగా, ముక్కుకు ముక్కు ఆనేంత దగ్గరగా కూర్చుని, ఆ మొదటి బెదురు చూపును కమ్మగా జుర్రుకునేవాడు.

ఆ రోజు కూడా అలాగే కూర్చున్నాడు. పెదవుల మధ్య మంత్రం సుళ్లు తిరిగింది. బయట పిడుగు పడి చచ్చిన చెట్టొకటి భగ్గుమంది. తోటలో నత్తలన్నీ ఒక్కసారి తలలెత్తాయి.

కుంచె కదిలింది. బొమ్మలో కుడికన్ను గీత గీతగా పూర్తవుతోంది. కుర్చీలో మంజు కుడికన్ను గీత గీతగా వెలవెలబోతోంది. ఆ తేడా గురువమ్మకు కళ్లారా కనిపించింది. కాళ్లు కదలవు, చేతులు కదలవు. నోరొక్కటే మిగిలింది.

"పుష్పా" అంది గురువమ్మ. పండగ నాడు పసుపు గోడ ముందు ఎలా పిలుస్తుందో అలాగే పిలిచింది. "ఓలమ్మా, పుష్పా. నీ ఆడబొడుచునే ఈడు పట్టుకుపోతన్నాడు. రాయే నా తల్లీ."

దేవేంద్ర కుంచె ఆపాడు. "ఎవరా పుష్ప?"

"నా కోడలు."

"ఎక్కడుంది?"

"సచ్చిపోనాది."

అతను పకపకా నవ్వాడు. ఆ నవ్వుకు నోట్లోంచి రంగు చొంగ గడ్డం మీద కారింది. "చచ్చినవాళ్లంతా నా పాలేర్లమ్మా. పిలువు, పిలువు. వస్తే దానికీ ఏదో ఒక పని చూపిస్తాను."

నవ్వుతూనే ఎడమకన్ను కూడా గీసేశాడు. చివరి చుక్క... కంటిపాప నడుమ వెలుగు చుక్క... పెట్టి, ఆబగా ముఖం ముందుకు చాచాడు.

మంజు తల ఒక పక్కకు వాలిపోయింది. లోపల ఎవరూ లేరు. ఇల్లు ఖాళీ అయింది. తాళం లేదు, కావలి లేదు. ఆ ఇంటికి ఏటా వచ్చే మనిషి, పిలుపందుకుని, ఎప్పుడూ వచ్చే దారినే వచ్చింది. లోపల ఆడపడుచు కనిపించలేదు. వెతుక్కుంటూ బొమ్మ దాకా వెళ్లింది.

ముందు వాసన మారింది. ఆ కుళ్లు కంపును చీల్చుకుంటూ పచ్చి పసుపు వాసన గదంతా నిండింది. బట్ట అంచుల నుంచి పసుపు ఊరి, బొమ్మ చెంపల మీదకు, నుదుటి మీదకు పాకింది. నుదుట ఎవరూ పెట్టని కుంకుమబొట్టు ఎర్రగా వెలిగింది. అప్పుడు బొమ్మ కళ్లు తెరుచుకున్నాయి.

అవి మంజు కళ్లు కావు!

ఆ చూపులో బెదురు లేదు, వేడుకోలు లేదు. ఇంట్లోకి పాము దూరితే చీపురు తిరగేసి పట్టుకున్న ఇల్లాలి చూపు అది. ఎదురుగా, ముక్కుకు ముక్కు ఆనేంత దగ్గరలో, అద్దం లేకుండా కూర్చున్నాడు దేవేంద్ర.

"లొంగు" అని అరిచాడు. "నిన్ను పిలిచింది నేను, నాకు లొంగు."

కుర్చీలో వాలిపోయిన మంజు పెదవులు కదిలాయి. గొంతు మాత్రం పుష్పావతిది.

"నువ్వు పిలవలేదు. మా అత్త పిలిసినాది."

అతను ముఖం తిప్పుకోబోయాడు. మెడ తిరగలేదు. కళ్లు మూసుకోబోయాడు. రెప్పలు కరిగి బుగ్గల మీదకు జారిపోయాయి! ఉప్పు చల్లిన నత్త ఎలా అవుతుందో అలా అయ్యాడు దేవేంద్ర. ముందు నాలుక పొంగింది. ఇన్నాళ్లూ నాకిన రంగులన్నీ నురగలై బుసబుసా బయటికి వచ్చాయి. తర్వాత ఆ నున్నటి చర్మం బొబ్బలెక్కి, బొబ్బలు పగిలి, పచ్చటి జిగురు ధారలు కట్టింది. వెన్నెముక మెత్తబడి పీట మీద నుంచి కిందకు జారాడు. చేతులు ఒంట్లోకి ముడుచుకుపోయాయి. పొట్ట మీద పాకుతూ గడప వైపు వెళ్లాడు... వెళ్లగలిగినంత దూరం!

గడప అవతల నత్తలు బారులు తీరి ఉన్నాయి. కంపు ఎటుంటే అటు పోవడమే అతను వాటికి నేర్పిన చదువు. ఆ తోటలో అంత ఘోరమైన కంపు ఇంకెక్కడా లేదు. ఒకదాని మీద ఒకటి ఎక్కి, అతన్ని కప్పేసి, మెత్తగా, ఓపిగ్గా చప్పరించాయి. చాలాసేపు లోపల నుంచి ఒక మూలుగు వినిపించింది. తర్వాత చప్పరింపు ఒక్కటే మిగిలింది.

కపాలం పెటేలున పగిలింది. హాల్లో పటాల కళ్లన్నీ రంగు కరిగి గోడల మీదుగా కారిపోయాయి. చీకట్లో నిలబడి ఉన్న సరోజిని మెల్లగా నేల మీద కూలబడి, చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది.

కాళ్లు వదులు కాగానే గురువమ్మ ఒక్క అంగలో కూతురి దగ్గరకు చేరింది. రెప్ప మీద మిగిలిన నత్తను పీకి గోడకేసి కొట్టింది. ముఖం కొంగుతో తుడిచింది. మంజు కళ్లు తెరిచే ఉన్నాయి గాని అందులో ఎవరూ లేరు. ఊపిరి కూడా ఆగి ఆగి వస్తోంది.

ఆ పెదవులే మళ్లీ కదిలాయి. ఈసారి గొంతులో కోపం లేదు.

"మావా."

పండగల్లో ఆ పిలుపు విన్నప్పుడల్లా కన్నబాబు తల వంచుకుని నేలనే చూసేవాడు. గొంతు పెళ్లానిదైనా ముఖం చెల్లెలిది కదా, ఎలా చూస్తాడు? ఇప్పుడు మాత్రం తలెత్తి బొమ్మ వైపు చూశాడు.

పుష్ప అతన్నే చూస్తోంది. ఇంట్లో ఆమె ఫోటోలు బోలెడున్నాయి. వాటిలో ఆమె ఎప్పుడూ కెమెరా కేసే చూస్తుంది. ఇది అలా కాదు. ఇది అతన్ని చూస్తోంది. ఆటో దిగి ఇంట్లోకి వస్తుంటే గుమ్మంలో నిలబడి, తిన్నాడో లేదో ముఖంలోనే కనిపెట్టేసే చూపు. ఏళ్ల తర్వాత ఆ చూపు అతని మీద పడింది.

"నాను ఈ బొమ్మలో ఉన్నంతసేపూ మంజు తన ఒంట్లోకి తిరిగి రాలేదు మావా" అంది పుష్ప. "నా మట్టుకు నాను బయటికి రాలేను. కళ్లు గీసి కట్టీసినాడు. రంగు ఆరకముందే తుడిసెయ్."

కన్నబాబు బొమ్మ ముందుకు నడిచాడు. చెయ్యెత్తాడు. చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

"ఒక్క నిమిషం అమ్మా" అన్నాడు వెనక్కి చూడకుండా.

గురువమ్మ ఒళ్లో కూతురి తల ఉంది. ఎదురుగా కొడుకు వీపు వణుకుతోంది. ఎవరికని చెబుతుంది ఆ తల్లి? కూతురి పాదాలు పట్టుకుని చూసింది.

"కాళ్లు సల్లబడతన్నాయి నాయినా" అంది చివరికి.

బొమ్మ అంచుల్లో రంగు ఆరడం మొదలైంది. కన్నబాబు అరచెయ్యి బట్టకు ఆనించి కుడికన్ను తుడిచాడు. మసీ జిగురూ పసుపూ కలిసి చేతికి అంటుకున్నాయి. ఎడమకన్ను ఇంకా అతన్నే చూస్తోంది. ఆ ఒక్క కంటితోనే పుష్ప నవ్వినట్టు అతనికి తెలిసింది.

"తిన్నానే" అన్నాడు కన్నబాబు. "రోజూ తింటన్నాను."

అని, దాన్ని కూడా తుడిచేశాడు.

వాన అప్పుడు దిగింది, పైకప్పు రేకులు అదిరిపోయేలా. మంజు దగ్గింది. గుక్క పట్టినట్టు ఊపిరి లాగింది. పక్కకు తిరిగి నల్లటి జిగురు దోసెడు కక్కుకుంది. తల్లి వీపు నిమురుతుంటే కళ్లు నులుముకుని, దీపం వెలుగులో అన్నను పోల్చుకుంది.

"భయ్యా, వదినొచ్చిందా?"

"వచ్చింది."

"ఏటన్నాది?"

కన్నబాబు తన అరచేతిని చూసుకున్నాడు.

"తుడిసెయ్యమన్నాది."